మిర్చి ఒంటికి వేడినీళ్లు

మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తా. నా పెళ్లినాటికే ఆ పనిలో ఉన్నారు. రైతులు తెచ్చిన మిరపకాయల బస్తాలను యార్డులో టిక్కీలంటారు. వాటిని దింపించడం, మూతి విప్పి కొనేవాళ్లకు కాయ చూపించడం, కాటా దగ్గర నిలబడటం, అమ్ముడైన సరుకు లారీ ఎక్కేదాకా వెంట ఉండటం ఆయన పని. పొద్దున్నే సైకిలెక్కి వెళ్లి సాయంత్రానికి ఒళ్లంతా ఎర్రదుమ్ముతో తిరిగొచ్చేవారు. ఆయన వీధి మలుపు తిరిగిన సంగతి మాకు తుమ్ములతో తెలిసేది. ముందు వరండాలో కూర్చున్న మా అత్తగారు తుమ్మేవారు. తర్వాత కుట్టుమిషను దగ్గర నేను. ఆ తర్వాత పుస్తకాలు ముందేసుకున్న మా అమ్మాయి.

ఇంట్లోకి అడుగు పెట్టకుండా పక్కసందు గుండా వెనక్కి వెళ్లి, నాపరాయి మీద నిలబడి, తొట్టిలో నీళ్లు తోడుకుని పోసుకునేవారు. చన్నీళ్లే. ధనుర్మాసంలో కూడా చన్నీళ్లే. మేమంతా దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే ఆయన వెనకాల చెంబు మీద చెంబు గుమ్మరించుకునేవారు. తర్వాత పాదాలకీ వేళ్ల సందులకీ కొబ్బరినూనె రాసుకుని కాసేపు గోడకి ఆనుకుని కూర్చునేవారు. విడిచిన బట్టలు విడిగా బకెట్లో పడేసేవారు, వాటిని నేను ఉతకడానికి కూడా ఒప్పుకునేవారు కాదు.

ఆ చన్నీళ్ల సంగతి నేను చాలా ఏళ్లు వాళ్ల ఊరి అలవాటనే అనుకున్నాను. వాళ్లది దర్శి దగ్గర మెట్టపల్లె. నీళ్లకీ కట్టెలకీ కరువున్న చోట పెరిగిన మనిషి, వేడినీళ్లు సుకుమారం అనుకుంటారేమో అనుకున్నాను. అడగాలని కూడా తోచలేదు.

మా ఇంట్లో వేడినీళ్లు అత్తగారి కోసం. ఆవిడకు మోకాళ్లూ చీలమండలూ వాచిపోయేవి. రెండు పూటలా వేడినీళ్లు పోసుకుని, కాపడం పెట్టుకుంటే గానీ నాలుగడుగులు వేయలేకపోయేవారు. వెనక రేకుల పంచలో నీళ్లపొయ్యి ఉండేది, దాని మీద ఇత్తడి కాగు. చుట్టుపక్కల చేల నుంచి బండి మీద వచ్చిన పత్తికట్టె గోడ పక్కన పేర్చి ఉండేది. పత్తికట్టె భగ్గున మండి ఇట్టే అయిపోతుంది. నీళ్లు కాగేదాకా పొయ్యి దగ్గరే కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. వానాకాలంలో కట్టె నెమ్మెక్కి పొగ తప్ప మంట రాదు. ఆ పొగకి అత్తగారికి దగ్గు తెర. కరెంటు హీటరు కడ్డీ ఒకటి కొన్నాం గానీ, ఒకరోజు కడ్డీ నీళ్లలో ఉండగానే అమ్మాయి బకెట్లో చెయ్యి పెట్టబోతే రెక్క పట్టుకుని లాగేశాను. దాన్ని అటక మీద పారేశాం.

తొంభైల చివర్లో ఒక సంక్రాంతి వెళ్లాక, మా ఆయన తన కొట్టు షావుకారు గారింటికి ఏదో పని మీద వెళ్లి వచ్చారు. వచ్చీరాగానే, స్నానం కూడా చేయకుండా, సందులోంచే నన్ను పిలిచారు.

"వాళ్ల మేడ మీద సోలారు పెట్టించారే. పొయ్యి లేదు, కరెంటు లేదు, పొగ లేదు. ఎండ కాస్తే చాలు, నీళ్లు కాగుతయ్యి. నేను కుళాయి కింద చెయ్యి పెట్టి చూశా. కాలింది!"

అత్తగారు లోపల్నుంచి, "ఎండకి కాగిన నీళ్లు నా మోకాళ్లకేం ఆనతయ్యిరా?" అన్నారు.

"చూద్దువు గానీ," అన్నారీయన.

మాటంటే మాటే. మాఘమాసంలో ఇద్దరు మనుషులు ఆటోలో సామాను వేసుకుని వచ్చారు. ఒక పెద్ద అద్దం పెట్టె, దాని లోపల నల్లటి రేకు, రేకుకు అతికించిన రాగి గొట్టాలు. మందపాటి తొడుగులో పొట్టలావు టాంకు. మేడ మీద దక్షిణం వైపు వాలుగా నిలబెట్టి, గొట్టాలు కలిపి, గోడ వెంబడి పైపు దింపి స్నానాలగదిలో రెండో కుళాయి పెట్టారు. వీధిలో ఆడవాళ్లంతా మెట్లెక్కి వచ్చి చూశారు. "నీళ్లు ఎక్కడ కాగుతయ్యి?" అని ఒకావిడ అద్దం మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేసింది. అందరం నవ్వాం.

మర్నాడంతా మంచి ఎండ కాసింది. సాయంత్రం కుళాయి తిప్పితే ముందు కాసేపు చన్నీళ్లు వచ్చాయి. అయ్యో అనుకునేలోపు పొగలు కక్కుతూ వేడినీళ్లు దూకాయి. అత్తగారు మోకాళ్ల మీద పోయించుకుని, "నీ కడుపు చల్లగుండ," అని కొడుకుని అక్కడ లేకుండానే దీవించారు. నేను పోసుకున్నాను. అమ్మాయి పోసుకుని, మళ్లీ పోసుకుంటానని పేచీ పెట్టింది.

కొత్త కాయ దిగే రోజులు కావడంతో ఆయన బాగా చీకటి పడ్డాక వచ్చారు. ఆయన వచ్చేసరికి నేను బకెట్ నిండా వేడినీళ్లు పట్టి, చన్నీళ్లు కలిపి, సబ్బూ తువ్వాలూ పెట్టి ఉంచాను. "ఇయ్యాల ఆ రాయి మీద కాదండీ. లోపల. మీరు తెచ్చింది మీరు పోసుకోకపోతే ఎట్టా?" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆ బకెట్ వంక చూసి, నవ్వి, లోపలికెళ్లి గడియ పెట్టుకున్నారు.

చెంబు చప్పుడు రెండు మూడుసార్లు వినపడింది. తర్వాత చెంబు కింద పడింది. తర్వాత ఏమీ వినపడలేదు. నేను తలుపు తట్టాను. తీసేసరికి మనిషి కాయలాగే ఎర్రగా ఉన్నారు. మెడ, భుజాలు, చేతులు, అన్నీ కందిపోయాయి. కళ్లలో నీళ్లు. నన్ను తోసుకుని వెనక్కి పరిగెత్తి తొట్టిలో నీళ్లు బకెట్‌తోనే నెత్తి మీద కుమ్మరించుకున్నారు.

అత్తగారు గోడ పట్టుకుని వచ్చి చూశారు. "మిరపకాయ ఒంటి మీద ఉండగా వేడినీళ్లు పోసుకుంటార్రా ఎవురన్నా? నీకు తెలియదంట్రా?" అని అరిచారు.

ఆ రాత్రి ఒళ్లంతా కొబ్బరినూనె రాస్తుంటే అడిగాను. ఆయనకు తెలుసు. యార్డులో చేరిన కొత్తలోనే ఒకసారి పోసుకుని తెలుసుకున్నారట. దుమ్ము చర్మంలో ఇంకిపోతుంది, వేడి తగిలితే మళ్లీ లేస్తుంది, ఒకరోజు పని మానినా పోదు అన్నారు.

"తెలిసి తెలిసి ఎందుకు పోసుకున్నారు?"

"నువ్వు అంత సంబరంగా నీళ్లు పట్టి పెడితే, వద్దని ఎట్టా చెప్పను?"

"మరి మీరు పోసుకోలేనిదాన్ని ఎందుకు పెట్టించారు?"

"మీరు ముగ్గురున్నారుగా," అన్నారు. తేలిగ్గానే అన్నారు. ఆయనకు ఏదీ బరువుగా చెప్పడం రాదు.

అప్పట్నుంచి మా ఇంట్లో వేడినీళ్లకు కొదవ లేదు. నీళ్లపొయ్యి తీసేశాం. అత్తగారి దగ్గు నెమ్మదించింది. నేను కుంకుడుకాయ నానబెట్టిన రోజున మా ఇల్లు పెళ్లివారి విడిదిలా ఉండేది. ఆయన మాత్రం వెనక నాపరాయి మీద చన్నీళ్లే పోసుకునేవారు. మేమెవరం నొచ్చుకోకుండా, అదేదో తన ఇష్టమన్నట్టే పోసుకునేవారు.

సెలవు రోజుల్లో మాత్రం మేడెక్కి ఆ అద్దాన్ని తడిగుడ్డతో తుడిచేవారు. మా వైపు దుమ్ము ఎక్కువ. చేల నుంచి మట్టి, పక్కింటి నుంచి దూది నూగు. పక్కింటివాళ్లు ముస్లింలు, పరుపులూ దిండ్లూ కుట్టేవాళ్లు. ఆ ఇంటి పెద్దాయన పత్తి ఏకుతుంటే నూగు లేచి మా మేడ మీద వాలేది. ఆయన్ని మా ఆయన మావయ్యా అని పిలిచేవారు. పెద్దాయన తెల్లవారుజామున నమాజుకు ముందు చన్నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుంటూ దగ్గుతుంటే ఆ దగ్గు మా గదిలోకి వినపడేది. ఒక సెలవునాడు మా ఆయన పైపు ముక్క తెప్పించి, వేడినీళ్ల కుళాయి ఒకటి ప్రహరీ అవతలికి దించారు.

పెద్దాయన మొహమాటపడ్డారు. "మీకు తక్కువ పడతయ్యేమో అబ్బాయ్," అన్నారు.

"నా వంతు మీరు వాడుకోండి మావయ్యా," అన్నారీయన.

ఆయన వంతంటూ ఒకటి ఉన్నట్టు నేను ఆ మాట వినే దాకా ఆలోచించలేదు.

యార్డుకు ఏడాదిలో ఒక్కసారే పెద్ద సెలవులు. మే నెలలో ఎండలకు మూసేస్తారు. కాయంతా కోల్డ్ స్టోరేజీలకు వెళ్లిపోతుంది, హమాలీలు ఊళ్లకు పోతారు. ఆయన ఒంటి మీంచి మిరప దిగేది ఆ రోజుల్లోనే. కానీ గుంటూరులో మే నెల. మామూలు కుళాయి నీళ్లే సలసల కాగుతుంటాయి. టాంకు నీళ్లు ముట్టుకోబుద్ధి కాదు. మళ్లీ చలిగాలి మొదలయ్యేసరికి ఆయన కోల్డ్ స్టోరేజీ కాయ మధ్యలో ఉండేవారు.

"యార్డు మానేస్తే ఆ చలికాలం నేనొక్కణ్ణే టాంకంతా ఖాళీ చేస్తా. మీరెవరూ తలుపు కొట్టకూడదు," అనేవారు. అమ్మాయి ఇంటరు అవగానే మానేస్తానన్నారు. ఇంటి ముందు గదిలో నోట్‌పుస్తకాలూ పెన్నులూ పెట్టుకుని కూర్చుంటాననేవారు. అమ్మాయి ఇంటరు అయింది. షావుకారు గారు, "కొత్తగా వచ్చినోళ్లకి కాయ తెలియట్లేదయ్యా, ఈ ఒక్క సీజనుండు," అన్నారు. ఈయన ఉన్నారు. మరుసటి ఏడూ అదే మాట. కాయ చేతిలోకి తీసుకుని విరిచి, వాసన చూసి, ఎక్కడి భూమిలో కాసిందో చెప్పగలనని ఆయనకొక గర్వం ఉండేది. ఆ గర్వం చూసి నేనూ ఊరుకున్నాను. ఇంట్లో ఎవరమూ ఇక చాలు అనలేదు. చాలనిపించేంత కష్టం మాకు కనపడలేదు, ఆయన కనపడనివ్వలేదు.

ఆ మధ్యలోనే అత్తగారు పోయారు. చివరి చలికాలం కూడా రెండు పూటలా వేడినీళ్లు పోయించుకుని, చివరి వారం దాకా తన కాళ్ల మీద తను నడిచారు. ఆ ఒక్క విషయంలో మా ఇంట్లో ఎవరికీ లోటు మిగల్లేదు.

అంతకుముందే ఒకసారి జ్వరం వచ్చి రక్తపరీక్ష చేయిస్తే మా ఆయనకు షుగరుందని తేలింది. మాత్రలు రాసిచ్చారు. సీజన్లో ఒక పూట వేసుకుంటే ఒక పూట మర్చిపోయేవారు. నొప్పీ లేదు, జ్వరమూ లేదు. దాన్నొక జబ్బని ఆయన ఒప్పుకోలేదు.

అత్తగారు పోయిన తర్వాతి సీజను మధ్యలో ఒక సాయంత్రం స్నానం చేసి వచ్చి కూర్చున్నారు. నేను కొబ్బరినూనె గిన్నె తెచ్చిపెట్టాను.

"ఇయ్యాల వద్దులే. కాళ్లు మండట్లేదు," అన్నారు.

మర్నాడూ వద్దన్నారు. ఆ వారమంతా వద్దన్నారు. యార్డులో కాయ రాశుల మీద చెప్పుల్లేకుండా తిరిగే మనిషి. ఏళ్ల తరబడి సాయంత్రమైతే పాదాలు నిప్పుల మీద పెట్టినట్టుందని నూనె గిన్నె వెతుక్కునే మనిషి.

"ఇన్నేళ్లకి మిరపకాయ నన్ను వదిలిపెట్టిందే. ఒళ్లు అలవాటు పడింది," అని మురిసిపోయారు. నేనూ మురిశాను. అమ్మాయికి కూడా గొప్పగా చెప్పారు. ఇంకొక రోజు సైకిలు దిగి వస్తుంటే చూశాను, ఒక కాలికే చెప్పుంది. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది. ఆయనకు తెలియనే లేదు. అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "మతిమరుపు ముదిరింది నాన్నా నీకు," అంది. ఆయన కూడా ఆ ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని నవ్వారు. మేము ముగ్గురం వరండాలో నిలబడి అంతలా నవ్వుకోవడం నాకు కళ్లకు కట్టినట్టుంది.

అమ్మాయి చదువైపోయి ఒంగోల్లో ఉద్యోగంలో చేరింది. ఆ ఏడు మే నెలలో యార్డు మూసిన రోజున ఆయన నిజంగానే మానేశారు. షావుకారు గారు శాలువా కప్పి పంపారు. పక్కింటి పెద్దాయన కొత్త పత్తితో పరుపు కుట్టి, "ఇకనన్నా నడుము వాల్చు అబ్బాయ్," అని తనే మోసుకొచ్చి ఇచ్చారు. ముందు గదిలో నోట్‌పుస్తకాల బల్ల వేసుకున్నారు. బడి పిల్లలతో కబుర్లు చెప్తూ కూర్చునేవారు. ఎండాకాలం గడిచింది, వానలు గడిచాయి. ఆయన ఒంటి మీంచి మిరప వాసన పోయింది. పడుకున్నప్పుడు పక్కన మనిషి మారినట్టుండేది నాకు.

కార్తీకం వెళ్లి చలి మొదలైంది. "ఇంకొంచెం చలి రానియ్యి," అంటూ ఆగారు. పండక్కి దాచుకున్న కొత్త చొక్కాలా ఆ స్నానాన్ని దాచుకున్నారు. ఒక ఆదివారం పొద్దున్న మంచు విడిపోయి ఎండ బాగా ఎక్కాక, "ఇయ్యాల నా వంతు. కుంకుడుకాయ కొట్టవే," అన్నారు.

తలకీ ఒంటికీ నువ్వులనూనె పట్టించాను. కుంకుడురసం తీసిచ్చాను. గదిలో పీట వేశాను. ఆయన బకెట్లో నీళ్లు కలుపుకుని, చేత్తో చూసుకుని, భుజాల మీద పోసుకుంటుంటే నేను బయట మిషను దగ్గర కూర్చున్నాను. లోపల్నుంచి కూనిరాగం వినపడింది.

"ఎట్టా ఉందండీ?" అని కేకేశాను.

"ఇన్నేళ్లూ ఇది నాకు తెలియకుండా దాచిపెట్టుకున్నారా మీరంతా?" అని నవ్వు వినపడింది. "మంట లేదే. ఒక్క చోటన్నా మంట లేదు!"

నాకు కళ్లు చెమర్చాయి. సంతోషంతోనే. మిషను ఆపి కాసేపు ఆ నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను.

తర్వాత తెలిసింది జరిగిందేమిటో. తల రుద్దుకునేటప్పుడు కుంకుడు నురగ కళ్లలో పడకుండా గట్టిగా మూసుకున్నారు. బకెట్లో నీళ్లు సగమయ్యాయని తడుముకుంటూ వేడినీళ్ల కుళాయి తిప్పారు. బకెట్ అప్పటికే కాస్త పక్కకు జరిగి ఉంది. కుళాయి ధార బకెట్లో కాదు, ఆయన పాదాల మీద పడింది. ముందు వచ్చేవి చన్నీళ్లే గదా. తర్వాత కాగిన నీళ్లు వచ్చాయి. ఆయన తల రుద్దుకుంటూనే ఉన్నారు. చప్పుడు వినపడుతోంది, బకెట్ నిండుతోందనుకున్నారు.

తువ్వాలు చుట్టుకుని మెరిసిపోయే మొహంతో బయటికొచ్చారు. "హాయిగా ఉంది," అంటూ వచ్చి పీట మీద కూర్చున్నారు. కింద కారిన నీళ్లు తుడుద్దామని వంగి, ఆయన పాదాలు చూశాను. పై తోలు తడిసిన కాగితంలా ముడతలు పడి ఉంది. వేళ్ల దగ్గర బొబ్బలు లేస్తున్నాయి.

"ఏంది అట్టా చూస్తన్నావు?" అన్నారు.

"కాళ్లు... కాళ్లు మండట్లేదా?"

ఆయన వంగి చూసుకున్నారు. వేలితో బొబ్బను నొక్కి చూశారు. ఆ ముఖంలో నవ్వు పోవడానికి చాలాసేపు పట్టింది.

ఆసుపత్రిలో డాక్టరు గారు చిన్న సూదితో పాదాల మీద అక్కడక్కడా గుచ్చుతూ, "తెలుస్తోందా?" అని అడిగారు. ఈయన కళ్లు మూసుకుని, "గుచ్చండి, గుచ్చితే చెప్తా," అన్నారు. అప్పటికే గుచ్చుతున్నారు. డాక్టరు గారు నా వంక చూశారు. షుగరు నరాలకు పట్టిందనీ, ఈ స్పర్శ పోయి చాలాకాలమై ఉంటుందనీ చెప్పారు. కాళ్ల మంట ఎప్పుడాగిందని అడిగారు. నేను చెప్పాను. డాక్టరు గారు తల ఊపి రాసుకున్నారు. ఒక మాట అని ఉంటే కాస్త నయంగా ఉండేదేమో.

పుండ్లు ఎంతకీ మానలేదు. కుడికాలి బొటనవేలూ దాని పక్క వేలూ తీసేశారు. ఒంగోలు నుంచి అమ్మాయి వచ్చి తండ్రి మంచం దగ్గర కూర్చుని ఏడ్చింది. "నేను నవ్వాను నాన్నా ఆ రోజు, చెప్పు పోతే," అంది. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేనూ నవ్వాగా తల్లీ. తెలిసి నవ్వామా ఏంది?" అన్నారు.

ఇంటికి తీసుకొచ్చిన రోజున నేను, "ఆ సోలారు పీకించేస్తానండీ," అన్నాను.

"దాన్నేం అనబాక. అమ్మ చివరిదాకా నడిచింది దాంతోనేగా. మావయ్య ఈ వయసులో చన్నీళ్లతో కడుక్కోవాలంటావా?" అన్నారు. మళ్లీ తనే, "మిరపకాయ కాలిస్తే తెలిసేది. ఇప్పుడు నీళ్లు కాలిస్తే తెలియలా," అన్నారు. అది కూడా తేలిగ్గానే అన్నారు గానీ, ఈసారి గోడ వైపు తిరిగి అన్నారు.

పుండ్లు మానాక డాక్టరు గారు స్నానానికి ఒప్పుకున్నారు. పాదాలకు మాత్రం వేడి తగలకూడదన్నారు. నేనే పోసేదాన్ని. గది గుమ్మం దగ్గర ఎత్తు పీట వేసి, పాదాలు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, గుమ్మం బయట దిండు మీద పెట్టేదాన్ని. పక్కింటి పెద్దాయన ఆ పాదాల కోసం చిన్న దిండ్లు కుట్టి ఇచ్చారు, తడిసినప్పుడల్లా మార్చుకోవడానికి. నీళ్లు ముందు నా మోచేతి మీద పోసుకుని చూసుకుని, అప్పుడు ఆయన వీపు మీద పోసేదాన్ని.

ఆయన కళ్లు మూసుకునేవారు. "ఇక్కడ తెలుస్తోంది," అని భుజాలు చూపించేవారు. "ఇక్కడ కూడా," అని నడుము. మోకాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఆగి, "ఇక్కణ్ణించి లేదు," అనేవారు. సరిహద్దు గీత గీసినట్టు చేత్తో చూపించేవారు. నేను ఆ గీత దాటకుండా పోసేదాన్ని. ఒక్కోసారి వీపు మీద నీళ్లు పడుతుంటే ఆయనకు కునుకు పట్టేది. అలా పీట మీద కూర్చునే నిద్రపోతుంటే, ఒక చేత్తో భుజం పట్టుకుని ఇంకో చేత్తో పోస్తూ ఉండేదాన్ని. టాంకులో నీళ్లు చల్లబడేదాకా పోసిన రోజులున్నాయి.

అలా రెండు చలికాలాలు. మూడోది రాకముందే, వానల్లో, గుండెనొప్పితో పోయారు. పక్కింటి పెద్దాయన ఆ వార్త విని ప్రహరీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత మా కుళాయి వాడటం మానేశారు. నేను ఎంత చెప్పినా, "వద్దులే అమ్మాయ్, చన్నీళ్లు బాగానే ఉంటన్నయ్యి," అనేవారు.

మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. తుడిచేవాళ్లు లేక అద్దం మసకబారింది, గొట్టాల్లో సున్నం పేరుకుంది, వేడి తగ్గుతూ వచ్చింది. బాగు చేయిద్దామని అమ్మాయి అంది. నేను వద్దనలేదు, సరే అనీ అనలేదు. ఒక్కదాన్ని, నాకెన్ని నీళ్లు కావాలి?

అమ్మాయి ఇంటరు అయిన ఏడు మానేస్తానన్నారు. ఆ ఏడు మానేసి ఉంటే, ఆ చలికాలానికి ఆయన పాదాలకు ఇంకా ప్రాణం ఉండేది. చలికాలపు పొద్దున బకెట్ పక్కకు జరిగితే "అమ్మో" అని కాళ్లు వెనక్కి లాక్కునేవారు, నన్ను తిట్టేవారు, మళ్లీ పోసుకునేవారు. ఎవరింట్లోనైనా అంతే కదా జరిగేది. మా ఇంట్లో కూడా అంతే జరిగి ఉండేది. షావుకారు గారు ఉండమన్నారు, ఆయన ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడి రోజూ క్యారేజీ అందించాను.